మన కోటలకు కాపలా ఎవరు?

(గిరిజన యువజన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

  

సంస్కృతి గురించి మాట్లాడమని మమ్మల్ని పిలిచారు. సంస్కృతి అనగానే మనకు దండారి గుర్తొస్తుంది, గుస్సాడి నెమలి టోపీ గుర్తొస్తుంది, కేస్లాపూర్ నాగోబా గుర్తొస్తాడు. వాటి గురించి మాకంటే బాగా చెప్పగలిగిన పెద్దలు ఇక్కడ ఉన్నారు. అందుకని మేము వేరే విషయం ఎంచుకున్నాం. ఇవాళ రాళ్ల గురించి, గోడల గురించి, పాత కట్టడాల గురించి చెప్తాం. ఆ కట్టడాలను ఊరివాళ్లే సంఘం కట్టుకుని ఎలా కాపాడుకోవచ్చో చెప్తాం.

మీలో చాలామంది కాగజ్‌నగర్‌లో ఢిల్లీ వైపు రైలు ఎక్కే ఉంటారు. సిర్పూర్ టౌన్ దాటుతుంది, వార్ధా నది వంతెన దాటుతుంది, బల్లార్షాలో ఆగుతుంది. అక్కడ దిగి ఛాయ్ తాగుతాం, సీసాలో నీళ్లు పట్టుకుంటాం, మళ్లీ ఎక్కుతాం. స్టేషన్ బోర్డు మీద ఉన్న ఆ పేరు ఎవరిది? అది మన గోండు రాజు బల్లాల్ షా పేరు. మరికాస్త ముందుకు పోతే చంద్రపూర్ వస్తుంది. పాత పేరు చాందా. అది మన రాజుల రాజధాని.

మన పెద్దలు నాలుగు గోండు రాజ్యాలు చెబుతారు. గఢా మండ్లా, దేవ్‌గఢ్, ఖేర్లా, చాందా. ఇవాళ పెద్ద నగరమైన నాగపూర్‌ను నిలబెట్టింది దేవ్‌గఢ్ గోండు రాజు బఖ్త్ బులంద్ షా. మనకు దగ్గరిది చాందా రాజ్యం. ఆ రాజుల మొదటి రాజధాని సిర్పూర్ అని పరంపరగా చెప్పుకుంటారు. ఇవాళ కుమ్రం భీం ఆసిఫాబాద్ జిల్లాలో ఉన్న మన సిర్పూరే అది. అక్కడి నుంచి వార్ధా ఒడ్డున ఉన్న బల్లార్‌పూర్‌కు, బల్లార్‌పూర్ నుంచి చాందాకు రాజధాని మారింది. అంటే మీరు రైల్లో కిటికీ పక్కన కూర్చుని దాటే మూడు ఊళ్లు మన రాజ్యం నడిచిన దారి. టికెట్ మీద పేర్లున్నాయి. మన పాఠాల్లో మాత్రం కాకతీయుల కోట, కుతుబ్‌షాహీల కోట ఉన్నంత వివరంగా ఇవి లేవు.

చాందా ఎలా పుట్టిందో ఒక కథ ఉంది. ఖండ్‌క్యా బల్లాల్ షా ఒళ్లంతా గడ్డలతో బాధపడేవాడు. ఒకరోజు వేటకు వెళ్లి దాహమేసి, ఎండిన ఝర్‌పట్ నదిలో ఒక చిన్న గుంటలో ఊరుతున్న నీళ్లతో ముఖం, కాళ్లు కడుక్కున్నాడు. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాడు. తర్వాత ఆయన జబ్బు నయమైందంటారు. ఆ చోటే ఇప్పటి అంచలేశ్వర్ గుడి. మరోసారి అక్కడే నుదుటి మీద తెల్లమచ్చ ఉన్న కుందేలు వేటకుక్కను తరమడం చూశాడట. కుందేలు కుక్కను తరమడమేమిటని ఆశ్చర్యపోయి రాణికి చెప్తే, ఆ కుందేలు తిరిగిన దారి వెంట గోడ కట్టించి పట్టణం నిలబెట్టమంది. కథలో ఎంత నిజమో పక్కన పెడదాం. కానీ జబ్బుపడ్డ రాజుకు ధైర్యం చెప్పి, పట్టణం ఎక్కడ కట్టాలో దారి చూపింది ఒక గోండు ఆడబిడ్డ అని ఆ కథ చెబుతుంది. చెల్లెళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

గోడ పూర్తవడానికి కొన్ని తరాలు పట్టింది. పట్టణం చుట్టూ రాతి గోడ, దానికి నాలుగు పెద్ద దర్వాజాలు. జట్‌పురా, అంచలేశ్వర్, పఠాన్‌పురా, బిన్బా. ఐదు చిన్న ద్వారాలు కూడా ఉన్నాయి, వాటిని ఖిడ్కీలంటారు. బగడ్, హనుమాన్, విఠోబా, చోర్, మసాన్. మసాన్ అన్న పేరులోనే శ్మశానం ఉంది. పెళ్లి ఊరేగింపుకు ఒక దర్వాజా, పాడెకు ఒక ఖిడ్కీ. అంటే అది సైనికులు మాత్రమే ఉండే కోట కాదు, సంసారాలు నడిచిన ఊరు. దర్వాజాల మీద రాతిలో చెక్కిన బొమ్మ చూడండి. సింహం ఏనుగును అణచిపట్టి ఉంటుంది. అది గోండు రాజుల ముద్ర.

పద్దెనిమిదో శతాబ్దం మొదట్లో రాణీ హిరాయి పాలించింది. భర్త బీర్ షా చనిపోయాక రాజ్యం చూసుకుంది, భర్తకు సమాధి కట్టించింది, మహాకాళి గుడిని పెద్దదిగా కట్టించింది. ఆ సమాధి ఇప్పటికీ ఉంది. భార్య కోసం భర్త కట్టించిన తాజ్‌మహల్ గురించి మా హాస్టల్లో మూడో తరగతి పిల్లకు కూడా తెలుసు. భర్త కోసం మన రాణి కట్టించిన సమాధి గురించి డిగ్రీ చదివే పిల్లలకు కూడా తెలియదు. తప్పు పిల్లలది కాదు. చెప్పే మనిషి, చూపించే దారి లేకపోతే పిల్లలకు ఎలా తెలుస్తుంది?

1751లో రాజ్యం నాగపూర్ భోంస్లేల చేతికి పోయింది. 1818లో ఇంగ్లీషు వాళ్ల ఫిరంగులు ఆ గోడ మీద పేలాయి. ఆ తర్వాత గోడ కట్టినవాళ్ల వారసులకు గోడ మీద అధికారం లేదు. అధికారం ఉన్నవాళ్లకు గోడతో అవసరం లేదు. రాతి గోడకు నిజమైన కష్టం అప్పుడు మొదలవుతుంది. ఫిరంగి ఒకచోట కొడుతుంది. పట్టించుకోకపోవడం అన్నిచోట్లా కొడుతుంది.

గోడ ఎలా పాడవుతుందో మీకు తెలియాలి. పిట్ట రావిపండు తిని గోడ మీద రెట్ట వేస్తుంది. వాన పడితే సందులో మొక్క మొలుస్తుంది. మొదటి ఏడాది రెండాకులు ఉంటాయి, వేళ్లతో తుంచేయొచ్చు. మూడో ఏడాదికి కొడవలి కావాలి. పదేళ్లకు దాని వేరు మన మోచేయంత లావై రెండు రాళ్లను విడదీస్తుంది. ఆ సందులోకి వాన నీళ్లు దిగి లోపలి మట్టినీ సున్నాన్నీ కడిగేస్తాయి. గోడ కడుపు ఉబ్బినట్టు బయటికి వస్తుంది. ఒక వానాకాలం రాత్రి కూలిపోతుంది. తెల్లారి రాళ్లు పడున్నాయి కదా అని ఎవరో పునాదికి పట్టుకుపోతారు. అంతే. వందల ఏళ్ల గోడను పోగొట్టడానికి శత్రువు అక్కర్లేదు. ఆ రెండాకుల రోజున తుంచేవాడు లేకపోతే చాలు.

ఇక సంఘం సంగతికి వద్దాం. చంద్రపూర్‌లో ఎకో ప్రో అని ఒక స్వచ్ఛంద సంస్థ ఉంది. అడవి, వన్యప్రాణులు, పర్యావరణం కోసం పనిచేసే స్థానిక యువకుల సంస్థ. తాడోబా పులుల అడవి వాళ్ల ఊరి పక్కనే కదా. 2017లో వాళ్లు కోట గోడ మీద దృష్టి పెట్టారు. గోడ మీద, బురుజుల మీద పొదలూ చెట్లూ అల్లుకుని ఉన్నాయి, చెత్త పేరుకుని ఉంది. పొద్దున్నే వెళ్లడం, పొదలు కొట్టడం, చెత్త ఎత్తడం. ఒక రోజు ఫొటో దిగి వదిలేసిన పని కాదది. 200 రోజులకు పైగా వరుసగా చేశారు. 2017 అక్టోబరులో ప్రధానమంత్రి తన రేడియో ప్రసంగం 'మన్ కీ బాత్'లో ఆ సంగతి చెప్పాక దేశమంతా తెలిసింది. తర్వాత ఊరివాళ్లను గోడ వెంట నడిపించి కోట చూపించడం మొదలుపెట్టారు. 2021లో ఊరి నడుమ ఉన్న రామాలా చెరువు బాగు కోసం కూడా పోరాడారు. అదీ గోండు రాజుల కాలం నాటి చెరువే.

ఆ పనిలో మనం నేర్చుకోవాల్సినవి మూడున్నాయి.

మొదటిది, ఆ సంస్థ ఒక్క కులానిదో తెగదో కాదు. ఊళ్లో పుట్టి పెరిగిన రకరకాల పిల్లలు కలిసి చేశారు. కోట కట్టించింది గోండు రాజులు, ఇప్పుడు కాపాడింది ఊరు. దీనికి మనం సంతోషించాలి, వాళ్లకు దండం పెట్టాలి. అదే సమయంలో మనల్ని మనం ఒక ప్రశ్న కూడా అడగాలి. మన రాజుల గోడ దగ్గర కొడవలి పట్టినవాళ్లలో మన పిల్లలు ఎంతమంది? సభల్లో 'మేము రాజుల వారసులం' అని చెప్పుకోవడం తేలిక. వారసుడంటే ఆస్తిలో వాటా అడిగేవాడు మాత్రమే కాదు, ఇల్లు కారితే పైకప్పు ఎక్కేవాడు కూడా.

రెండోది, వాళ్లు తమ చేతిలో ఉన్న పనితోనే మొదలుపెట్టారు. చాందా గోడలు, దర్వాజాలు కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి. అలాంటిచోట రాయి కదిలించడానికి, కొత్త రాయి పెట్టడానికి ఊరివాళ్లకు అధికారం లేదు. మరమ్మతు శాఖ పని. కానీ చెత్త ఎత్తడానికి, పొదలు కొట్టడానికి, ఇక్కడ కోట ఉందని నలుగురికీ చూపించడానికి ఊరివాళ్లు కావాలి. చెత్త తీశాక గోడ కనబడింది. గోడ కనబడ్డాక జనం వచ్చారు. జనం వచ్చాక శాఖలు కూడా పట్టించుకోక తప్పదు. మనవాళ్లు సాధారణంగా చివరి మెట్టు దగ్గర మొదలుపెడతారు. కోట్ల నిధులు కావాలని వినతిపత్రం ఇస్తారు. ఆ కాగితం ఆఫీసులో ఉంటుంది, రావి మొక్క గోడ మీద పెరుగుతుంది.

మూడోది, లెక్క. ముందు ఎలా ఉంది, తర్వాత ఎలా ఉంది అని ఫొటోలు తీశారు. ఆ ఫొటోలే వాళ్ల పనికి సాక్ష్యం. మీ అందరి చేతుల్లో ఫోన్లున్నాయి. తేదీ వేసి, ఒకే చోట నిలబడి తీసిన రెండు ఫొటోలు పది పేజీల ఉపన్యాసం కంటే బలంగా మాట్లాడతాయి.

ఇక మన ఊళ్లకు వద్దాం. సిర్పూర్‌లో పాత కోట ఆనవాళ్లున్నాయి. ఉట్నూరులో గోండు రాజుల కోట ఉంది. ఐటీడీఏ ఆఫీసుకు పనిమీద ఉట్నూరు వెళ్లని కుటుంబం మనలో లేదు. పనయ్యాక కోట దాకా నడిచినవాళ్లు ఎంతమంది? చేతులెత్తమని అడగం, మీలో మీరే లెక్కేసుకోండి. జోడేఘాట్‌లో కుమ్రం భీం స్మారకం, మ్యూజియం ఉన్నాయి. అక్కడికి ఏటా వెళ్తున్నాం, మంచిదే. కానీ భీం పోరాడిన నేలకు అంతకు ముందు ఒక రాజ్యం ఉందని, ఆ రాజ్యం గుర్తులు ఇంకా నిలబడి ఉన్నాయని కూడా పిల్లలకు చూపాలి.

మాలాంటి టీచర్ ట్రైనింగ్ చేసినవాళ్లకు జైనూర్ మండలంలోని మార్లవాయి పుణ్యక్షేత్రంతో సమానం. భీం 1940లో అమరుడయ్యాక, గోండుల బాధలేమిటో తెలుసుకోమని నిజాం ప్రభుత్వం హైమన్‌డార్ఫ్‌ను పంపింది. ఆయన, ఆయన భార్య బెట్టీ ఎలిజబెత్ మార్లవాయిలో గుడిసె వేసుకుని మనవాళ్లతో బతికారు. 1943లో అక్కడే గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం మొదలైంది. మన భాషలో మన పిల్లలకు చదువు చెప్పే పంతుళ్లు అక్కడ తయారయ్యారు. ఇవాళ మా హాస్టల్ పిల్లల చేతిలో పలక, పుస్తకం ఉన్నాయంటే ఆ దారి అక్కడి నుంచే వచ్చింది. 1987లో చనిపోయిన బెట్టీ సమాధి మార్లవాయిలోనే ఉంది. 1995లో లండన్‌లో కన్నుమూసిన హైమన్‌డార్ఫ్ అస్థికలను 2012లో తెచ్చి ఆమె పక్కనే ఉంచారు. ఏటా జనవరి 11న మనవాళ్లు అక్కడ చేరి వర్ధంతి జరుపుతారు. చూడండి, ఆ సమాధులు ఎందుకు బాగున్నాయి? ఏడాదికొక్కసారైనా మనుషులు వెళ్తున్నారు, ఊడ్చి సున్నం వేస్తున్నారు, పిల్లలకు కథ చెబుతున్నారు. కట్టడం నిలబడాలంటే దాని దగ్గరికి మనిషి రావాలి.

గుంజాల సంగతీ మీకు తెలుసు. నార్నూర్ మండలంలోని ఆ ఊళ్లో మనవాళ్లు పాత కాగితాలను ఇంట్లో భద్రంగా పెట్టుకున్నారు. 2006లో అవి పరిశోధకుల కంటబడ్డాయి. గోండికి సొంత లిపి ఉందని లోకానికి తెలిసింది. 2018లో ఆ లిపి యూనికోడ్‌లోకి ఎక్కింది. మన లిపిని ఇప్పుడు కంప్యూటర్లో రాయగలుగుతున్నామంటే, ఆ ఇంటివాళ్లు 'ఎందుకీ పాత కాగితాలు' అని పొయ్యిలో వేయకపోవడం వల్లే. కాగితాన్ని ఒక ఇల్లు కాపాడగలదు. గోడను ఒక ఇల్లు కాపాడలేదు, దానికి సంఘం కావాలి.

మనకు సంఘం కట్టడం రాదా? వచ్చు. కేస్లాపూర్‌లో మెస్రం వంశీయులు ఇంటింటికీ చందాలు వేసుకుని నాగోబాకు రాతి గుడి కట్టుకున్నారు, 2022లో అది పూర్తయింది. జాతర ముందు గోదావరి హస్తినమడుగు నుంచి కాలినడకన గంగాజలం తెచ్చే మనుషులకు ఒక ఆదివారం కోట గోడ దాకా నడవడం పెద్ద పని కాదు.

అయితే ఉత్సాహం ఒక్కటే ఉంటే నష్టం కూడా జరుగుతుంది. కొన్ని జాగ్రత్తలు చెప్తాం, శ్రద్ధగా వినండి.

గోడలో పాతుకుపోయిన చెట్టును ఎప్పుడూ లాగకండి. వేరుతోపాటు రాళ్లు ఊడొస్తాయి. పైన కొట్టండి, వేరు సంగతి తెలిసినవాళ్లకు వదలండి. చిన్న మొక్కలను వానాకాలం అయ్యాక తుంచండి. సిమెంటు మాత్రం తాకించకండి. పాత గోడలు సున్నంతో కట్టినవి, సున్నం తేమను పీల్చి బయటికి వదులుతుంది. సిమెంటు తేమను లోపలే బంధిస్తుంది. పైకి గట్టిగా కనబడుతుంది, లోపల రాయి పొరలు పొరలుగా రాలిపోతుంది. రంగులు కూడా అంతే. ఏ నాయకుడో వస్తున్నాడని పాత రాతి మీద ఆయిల్ పెయింట్ కొట్టడం అందం కాదు, చెక్కిన గీతలు పూడిపోతాయి.

రెండో జాగ్రత్త, తవ్వకాలు. కోట అనగానే కొందరికి గుప్తనిధులు కనబడతాయి. రాత్రిపూట గడ్డపారలతో వచ్చి గర్భగుడులు, బురుజుల పునాదులు తవ్విపోతారు. భూమిలో దొరికిన నిధిని కలెక్టరుకు తెలపాలని 1878 నాటి చట్టమే చెబుతోంది. దాచుకుంటే నేరం. కేంద్ర రక్షణలో ఉన్న కట్టడాన్ని పాడుచేస్తే రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా ఉంది. పేర్లు చెక్కే ప్రేమికులు కూడా ఇది వినాలి. తవ్వకాలు చేసేవాళ్లు ముందు మన కుర్రాళ్లనే కూలికి పిలుస్తారు, 'ఒక్క రాత్రికి ఇంత' అంటారు. పట్టుబడేది కూలీయే. ఎవరు పిలిచినా వెళ్లకండి, పటేల్‌కు చెప్పండి.

మూడోది కష్టమైన విషయం. పాత గోడల పక్కన చాలాచోట్ల పేదవాళ్ల ఇళ్లు ఉంటాయి. కేంద్ర రక్షణలో ఉన్న కట్టడానికి 100 మీటర్ల లోపు కొత్త కట్టడం నిషేధం, ఆ తర్వాత మరో 200 మీటర్లు అనుమతి ఉంటేనే కట్టాలి. 2010లో చట్టం సవరించాక ఇది గట్టి నియమమైంది. కోటను కాపాడదామని మనం కేకలు వేస్తే, రేపు ఆ గుడిసెల వాళ్లకు నోటీసులు రావచ్చు. అడవి పేరు చెప్పి, ప్రాజెక్టుల పేరు చెప్పి ఖాళీ చేయించిన బాధ మన జాతికి తెలుసు. అదే బాధ మన చేత్తో ఇంకొకరికి పెట్టకూడదు. కాబట్టి సంఘం మొదటి పని గోడ పక్కన ఉంటున్నవాళ్లతో కూర్చుని మాట్లాడటం. వాళ్లే గోడకు రోజూ ఎదురుపడేవాళ్లు. వాళ్లు తోడుంటే అదే నిజమైన కాపలా. వాళ్లు భయపడితే రాత్రికి రాత్రి రాళ్లు మాయమవుతాయి. ఎవరినైనా కదిలించక తప్పని పరిస్థితి వస్తే, వాళ్లకు బదులు చోటు, ఇల్లు ఇచ్చాకే అని సంఘం ముందే నిలబడి అడగాలి.

నాలుగోది, మన పేన్‌ల చోట్లు. పెర్సపేన్ ఉండే చోటు, మన వంశాల పూజాస్థలాలు పర్యాటక స్థలాలు కావు. వాటిని పట్టికలో రాయాలా వద్దా, ఫొటో తీయాలా వద్దా అన్నది కటోడా, వంశ పెద్దలు చెప్పాలి. కోట అందరికీ చూపించాలి. పేన్ చోటును దాని నియమంలో దాన్ని ఉంచాలి. రెండింటినీ కలపకండి.

మరి ఎక్కడ మొదలుపెట్టాలి? మా హాస్టల్ పిల్లలకు హోంవర్క్ చెప్పినట్టే చెప్తాం, ఏమనుకోకండి.

మొదట ఒక నోటుబుక్కు కొనండి. మీ ఊరికి నడిచి వెళ్లగలిగినంత దూరంలో ఉన్న పాత కట్టడాలన్నీ రాయండి. కోట, బురుజు, మెట్ల బావి, చెరువు కట్ట, పాత బడి, సమాధి, వీరుడి రాయి. ఎక్కడుంది, ఎవరి భూమిలో ఉంది, ఇప్పుడు ఎలా ఉంది, ఊళ్లో దాన్ని ఏమని పిలుస్తారు. గోండిలో ఏ పేరుందో ఆ పేరే రాయండి. తర్వాత ప్రధాన్‌ల దగ్గరికి వెళ్లండి. కింగ్రి పట్టుకుని మన వంశాల కథ పాడేది వాళ్లే. ఏ కోట ఏ కథలో వస్తుందో అడిగి రికార్డు చేయండి. రాళ్లకు మాట రాదు, ప్రధాన్ పాటే వాటి మాట. ఆ ముసలి గొంతులు ఇంకెన్నాళ్లుంటాయి?

తర్వాత ఆ కట్టడం ఎవరి రక్షణలో ఉందో కనుక్కోండి. కేంద్ర పురావస్తు శాఖదా, రాష్ట్ర వారసత్వ శాఖదా, ఎవరి పట్టికలోనూ లేదా? తెలంగాణకు 2017లో వచ్చిన వారసత్వ చట్టం ఉంది. ఏ పట్టికలోనూ లేని కట్టడాలే ముందు పోతాయి, వాటికోసమే మన సంఘం ముందుగా కదలాలి. శాఖకు ఉత్తరం రాసి, శుభ్రం చేయడానికి అనుమతి అడగండి. ఉత్తరం నకలు, అందినట్టు సంతకం దగ్గర పెట్టుకోండి.

మన దగ్గర ఒక బలం ఉంది, మైదాన ప్రాంతం వాళ్లకు లేనిది. 1996 నాటి పెసా చట్టం షెడ్యూల్డ్ ప్రాంతంలోని గ్రామసభకు తన సంప్రదాయాలను, సాంస్కృతిక గుర్తింపును కాపాడుకునే అధికారాన్ని గుర్తించింది. 'మా ఊరి కోటను, బావిని కాపాడుకుంటాం' అని గ్రామసభలో తీర్మానం చేయండి. ఇసుక కోసం, భూమి కోసం తీర్మానాలు చేశాం, కోట కోసం కూడా చేద్దాం. చట్ట ప్రకారం సంఘం రిజిస్టరు చేయించాలంటే కనీసం ఏడుగురు సభ్యులు చాలు. ఈ హాల్లో ఒక్క బెంచీ మీద కూర్చున్నవాళ్లు ఒక సంఘానికి సరిపోతారు. అందులో ఆడపిల్లలు ఉండాలి, గోడ పక్కన ఉండే ఇంటివాళ్లలో ఒకరుండాలి, ఒక ప్రధాన్ ఉండాలి. వేరే కులాల మిత్రులు వస్తామంటే చోటివ్వండి. చంద్రపూర్ పిల్లలు చూపించిన దారి అదే.

ఆ తర్వాత పనికి దిగండి. నెలకు ఒక ఆదివారం పెట్టుకోండి. పది మందితో మొదలుపెట్టి ముగ్గురే మిగిలినా ఆపకండి. హాస్టళ్లలో ఉన్న మేము సెలవు రోజుల్లో పిల్లల్ని కోట చూపించడానికి తీసుకురాగలం. మా దగ్గర నిధులు లేవు కానీ, చెప్తే అర్థం చేసుకుని, తర్వాత తమ తమ్ముళ్లకు చెప్పే పిల్లలున్నారు.

చివరగా ఒక్క మాట. ఈ మధ్య కొందరు చదువుకున్న పిల్లలు అడుగుతున్నారు. 'రాజుల కోట ఉంటే మాకేంటి, పోతే మాకేంటి? మా తాతలు రాజులు కారు, కూలీలు' అని. న్యాయమైన ప్రశ్న. దానికి మా జవాబు ఇదీ. రాజు పేరుకు కోట అక్కర్లేదు. బల్లాల్ షా పేరు రైల్వే వాళ్ల బోర్డు మీద ఉంది, రోజూ మైకులో వినిపిస్తుంది. ఆ రాయి కొండ నుంచి మోసినవాడి పేరు, సున్నం కాల్చిన ఆడమనిషి పేరు, దర్వాజా మీద సింహాన్ని చెక్కినవాడి పేరు ఎక్కడా లేవు. వాళ్ల పని ఒక్కటే మిగిలింది, ఆ గోడలో. గోడ కూలితే రాజు కథ పుస్తకంలో బతుకుతుంది, మన తాతల చేతిపని మాత్రం మట్టిలో కలుస్తుంది. 'ఆదివాసీలకు అడవి తప్ప ఏం తెలుసు' అనేవాళ్లకు చూపించడానికి మన దగ్గరున్న జవాబు ఆ గోడే. పట్టణం కట్టడం తెలుసు, చెరువు తవ్వడం తెలుసు, కొలత తెలుసు, శిల్పం తెలుసు అని అది నిలబడి చెబుతోంది. దాన్ని నిలబెట్టి ఉంచడం కూలీల మనవళ్లకే ఎక్కువ అవసరం.

ఈ వానాకాలం వెళ్లగానే గోడల మీద కొత్త మొక్కలు రెండాకులతో కనబడతాయి. అప్పుడు మీ వేళ్లతోనే తుంచేయొచ్చు. నోటుబుక్కులు తెచ్చినవాళ్లు, సభ అయ్యాక మా దగ్గరికి రండి. ఉట్నూరు వైపు వాళ్లు, సిర్పూర్ వైపు వాళ్లు, జైనూర్ వైపు వాళ్లు విడివిడిగా కూర్చుని మొదటి ఆదివారం ఎప్పుడో ఇక్కడే తేల్చుకుని వెళ్దాం.

జై సేవా.